ఖాళీ బెజ్జాలు ఎక్కడ ఉండాలి

మన నల్ల సైకిలు వెనుక చక్రానికి 40 పుల్లలు (స్పోకులు), ముందు చక్రానికి 32 పుల్లలు ఉంటాయన్న సంగతి, దాని మీద ఏళ్ల తరబడి తిరిగినవారిలో కూడా చాలామంది గమనించి ఉండరు. నేనూ గమనించలేదు. 1986 ఆగస్టులో గోదావరికి ఆ పెద్ద వరద రాకపోయి ఉంటే బహుశా ఇప్పటికీ గమనించేవాణ్ణి కాదు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి పారిన నీరు కోనసీమ మీద పడినప్పుడు మేము ముక్తేశ్వరంలో ఉండేవాళ్లం. నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరి రెండు నెలలు కూడా కాలేదు. కాలేజీ మూతపడింది, కోటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు నిలిచిపోయింది, నీరు తీసిన తరువాత కూడా చాలా రోజులపాటు రోడ్డు మీద ఎర్రని ఒండ్రు తప్ప మరొకటి కనిపించలేదు. చేయడానికి పని లేని ఆ రోజుల్లో మా వీధి చివర ఉన్న సైకిలు షాపులో కూర్చోవడం మొదలుపెట్టాను.

షాపు నడిపే ఆయనను ఊరంతా బాబాయి అనే పిలిచేది. మాకు ఆయన చుట్టం కాకపోయినా నేనూ అలాగే పిలిచేవాణ్ణి. కొబ్బరాకుల పాక, లోపల ఒక చెక్కపెట్టె, పంక్చరు చూసే నీళ్ల తొట్టి, తాటి స్తంభానికి తలకిందులుగా బిగించిన ఒక పాత ఫోర్కు, అంతే ఆయన సరంజామా. ఆ ఫోర్కులో చక్రాన్ని బిగించి తిప్పుతూ, రిమ్ము పక్కన సుద్దముక్క పట్టుకుని, ఎక్కడ సుద్ద అంటితే అక్కడ పుల్లను బిగించో వదులు చేసో బెండు తీసేవారు. వరద తరువాత ఆ పాక ముందు సైకిళ్లు బారులు తీరాయి. చక్రం నడుమ ఉండే హబ్బుల్లోకి ఒండ్రు చేరి గోళీలు అరిగిపోయినవి, పుల్లల కొనలను రిమ్ముకు బిగించే నిప్పళ్లు తుప్పుపట్టి కదలనివి, నీటి వేగానికి చెట్లకు కొట్టుకుని రిమ్ములు సొట్టలు పడినవి, అన్నీ ఆయన దగ్గరికే వచ్చాయి. నా పని మొదట నిప్పళ్ల మీద కొబ్బరినూనె చుక్కలు వేయడం, తరువాత హబ్బులను కిరసనాయిలులో కడగడం. నెమ్మదిగా పుల్లలు అల్లేటప్పుడు ఒక్కొక్కటే అందించేదాకా వచ్చాను.

ఈ 32, 40 లెక్క ఇంగ్లండు నుంచి వచ్చింది. 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో మొదలైనప్పుడు వాళ్లు తీసుకున్నది ఇంగ్లీషు వాళ్ల రోడ్‌స్టర్ నమూనానే. మిగతా దేశాల్లో ఎక్కువగా రెండు చక్రాలకూ 36 చొప్పున వేసే ఆచారం ఉండగా, ఇంగ్లీషు వాళ్లు ఆ 72 పుల్లలనే ముందు 32, వెనుక 40గా పంచారు. మనిషి బరువులో ఎక్కువ భాగం వెనుక చక్రం మీదే పడుతుంది, చెయిను లాగేది దాన్నే, క్యారియరు మీద బస్తా వేసినా, మనిషిని కూర్చోబెట్టినా మోసేది అదే. మొత్తం లెక్క మారకుండా బరువు ఉన్న చోటికి పుల్లలను జరిపిన ఆ పంపకం చాలా తెలివైనదని నేను ఇప్పటికీ నమ్ముతాను. అయితే దానివల్ల ఒక చిక్కు ఉంది. రెండు రిమ్ములూ 28 అంగుళాలవే, ఒకే టైరు రెండింటికీ సరిపోతుంది, కానీ ముందు రిమ్ము వెనక్కీ, వెనుక రిమ్ము ముందుకీ నేరుగా పనికిరావు.

ఆ చిక్కు నీరు తీసిన పది రోజులకు మా ముందుకు వచ్చింది. కొబ్బరి దింపు జరిగిన తోటల్లో కాయలు కొని, సైకిలు మీద అమలాపురం తీసుకుపోయి అమ్ముకునే ఒకాయన వెనుక చక్రాన్ని భుజాన వేసుకుని వచ్చాడు. రిమ్ము అతుకు దగ్గర విడిపోయింది, రెండు చోట్ల నిప్పళ్లు రిమ్మును చీల్చుకుని బయటికి వచ్చేశాయి, మిగిలిన భాగమంతా తుప్పుతో పొరలుగా ఊడుతోంది. హబ్బు మాత్రం దృఢంగా ఉంది. అప్పటికి షాపులో మిగిలినది కొత్త ముందు రిమ్ము ఒక్కటే, 32 బెజ్జాలది. అమలాపురంలో కూడా వెనుక రిమ్ములు అయిపోయాయి, ఎందుకంటే ఆ నెలలో కోనసీమలో ప్రతి ఊరికీ అవే కావలసివచ్చాయి. ఆయన తిరిగి వెళ్లబోతూ పాక గుంజను పట్టుకుని నిలబడి, "రెండు వారాలుగా పొయ్యిలో పిల్లి లేవలేదు బాబాయ్" అన్నాడు. బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత సుద్దముక్క తీసుకుని నేల మీద ఒక సున్నా గీసి, దాని చుట్టూ 20 చుక్కలు పెట్టారు.

ఆయన చేసిన లెక్క ఇది. 40 బెజ్జాల హబ్బుకు రెండు వైపులా ఉన్న బిళ్లల్లో ఒక్కొక్కదానికి 20 బెజ్జాలు. 32 బెజ్జాల రిమ్ముకు ఒక్కో వైపు నుంచి రావలసినవి 16 పుల్లలు. అంటే ప్రతి బిళ్లలోనూ నాలుగు బెజ్జాలు ఖాళీగా ఉండాలి. ఆ నాలుగూ ఒకచోట చేరకూడదు కనుక, నాలుగు పుల్లలు వేసి ఐదవ బెజ్జం వదిలిపెట్టాలి. మళ్లీ నాలుగు, మళ్లీ ఒక ఖాళీ. ముందుకు లాగే పుల్ల, వెనక్కి లాగే పుల్ల ఒకదాని తరువాత ఒకటిగా ఉండే అల్లిక ఈ లెక్కలో ఎక్కడా చెడదు, ఎందుకంటే నాలుగు సరిసంఖ్య. రిమ్ములో ఒక్క బెజ్జం కూడా ఖాళీ ఉండదు. ఆయన నేల మీద ఐదవ చుక్క, పదవ చుక్క, పదిహేనవ చుక్క, ఇరవయ్యవ చుక్క చెరిపేసి, అదే గుర్తును హబ్బు మీద ఎర్ర రంగుతో పెట్టారు. రెండో బిళ్ల మీద గుర్తులు పెట్టేటప్పుడు మాత్రం ఈ వైపు ఖాళీకి ఎదురుగా ఆ వైపు ఖాళీ రాకుండా, సగం దూరం జరిపి పెట్టారు. ఎందుకని అడిగితే, రెండు లోట్లూ ఒకేచోట పడితే చక్రం ఆ చోటును మరిచిపోదని చెప్పారు.

అల్లడం మొదలయ్యాకే అసలు కష్టం తెలిసింది. 20 బెజ్జాల బిళ్లలో ఒక బెజ్జానికీ మరోదానికీ మధ్య 18 డిగ్రీలు ఉంటుంది. రిమ్ము కోరేది మాత్రం 16 పుల్లలకు సరిపోయే ఇరవైరెండున్నర డిగ్రీలు. కాబట్టి నాలుగేసి పుల్లల గుంపులో ఏ పుల్లా తాను ఉండవలసిన చోట సరిగ్గా ఉండదు. మధ్య రెండూ కొద్దిగా పక్కకు, చివరి రెండూ దాదాపు ఏడు డిగ్రీలు పక్కకు ఉంటాయి. డిగ్రీల లెక్క నేను ఆ తరువాత కాలేజీలో కూర్చుని వేసుకున్నదే తప్ప బాబాయి ఆ మాట ఎప్పుడూ వాడలేదు. ఆయన పుల్లను చేత్తో పట్టుకుని, "ఇది పొట్టి పడుతుంది, ఇది మిగులుతుంది" అనేవారు. ఆయన అన్నట్టే సుమారు పన్నెండు అంగుళాల పొడవున్న ఆ పుల్లల్లో కొన్నింటికి మరలు నిప్పలులో సగమే ఎక్కాయి, కొన్ని నిప్పలు దాటి లోపలికి రెండు మిల్లీమీటర్లు పొడుచుకువచ్చాయి. గుంపు చివరి పుల్లలు పొట్టి పడతాయా, పొడుగు మిగులుతాయా అన్నది అల్లికను ఏ దిక్కుకు మొదలుపెట్టామన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. బాబాయి ఒకసారి అల్లి చూసి, పొట్టి పడుతున్నవి ఎక్కువగా కనిపించడంతో, మొత్తం ఊడదీసి ఎదురు దిక్కుకు మళ్లీ అల్లారు. మిగిలిన పుల్లను ఆకురాయితో అరగదీయవచ్చు, పొట్టి పుల్లకు మర లేనిచోట మర పుట్టించలేమన్నది ఆయన చెప్పిన కారణం.

పొడుచుకువచ్చిన ప్రతి కొననూ ఆకురాయితో అరగదీసే పని నాకు అప్పగించారు. ఒక్క కొన మిగిలినా ట్యూబు నిలవదు కనుక, రిమ్ము లోపల వేలితో తడుముకుంటూ మూడుసార్లు చూశాను. ఆ తరువాత ఆయన ఒక్కొక్క పుల్లను గోటితో మీటుతూ, ఒక వైపు పుల్లలన్నీ ఒకే స్వరం పలికేదాకా కీ తిప్పుతూనే ఉన్నారు. మామూలు చక్రానికి గంటలో అయ్యే పని ఆ రోజు మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టేవేళ దాకా సాగింది. అంతా అయ్యాక కొవ్వొత్తి వెలిగించి, హబ్బులో ఖాళీగా మిగిలిన ఎనిమిది బెజ్జాల్లోనూ మైనం చుక్కలు వేశారు. నీరు నిలిచి తుప్పు పట్టకుండా ఉండడానికట. మరునాడో ఆ మరునాడో తీసేయవలసిన చక్రానికి అంత జాగ్రత్త ఎందుకని నాకు అనిపించింది గానీ, ఆయన దాన్ని తీసేయవలసిన చక్రంగా చూడలేదు.

కాయల ఆయనకు ఇస్తూ, అంతకుముందు వేసే బరువులో సగం మాత్రమే వేయమని, రోజూ సాయంత్రం ఒకసారి తెచ్చి చూపించమని చెప్పారు. 40 పుల్లలు పంచుకోవలసిన బరువును 32 పంచుకోవలసివస్తుంది, అందులోనూ గుంపు చివర ఉన్నవి మిగతావాటి కంటే వంకరగా లాగుతుంటాయి. మొదటి వారం ఆయన మాట విన్నాడు. ఇంట్లో గడవాలి కదా, రెండో వారం నుంచి మళ్లీ నిండు బరువు వేయసాగాడు. మూడు వారాలకు ఒక పుల్ల తెగింది. తెగినది సరిగ్గా గుంపు చివరి పుల్లే, అదీ హబ్బును పట్టుకునే మెడ దగ్గరే. బాబాయి కొత్త పుల్ల వేసి, ఆ తెగిన పుల్లను నా చేతిలో పెట్టారు. వరద తీసి నెల దాటేసరికి వెనుక రిమ్ములు రావడం మొదలయింది గానీ, కాయల ఆయన ఒక రోజు పని పోగొట్టుకోవడానికి ఇష్టపడక ఆ చక్రంతోనే తిరిగాడు.

ఈ పని చూశాక నాకు ధైర్యం వచ్చింది. దసరా సెలవుల్లో బాబాయి చుట్టాల పెళ్లికని రామచంద్రపురం వెళ్లిన రెండు రోజులూ షాపు నా చేతికి వచ్చింది. నా సైకిలు ముందు రిమ్ము కూడా వరదలో పోయింది. పాత ఇనుము కొట్టులో నాకు దొరికినది 40 బెజ్జాల రిమ్ము, నా దగ్గర ఉన్నది 32 బెజ్జాల హబ్బు. కాయల ఆయన చక్రానికి తలకిందుల లెక్క కనుక, అదే పద్ధతిని తలకిందులు చేస్తే చాలని అనుకున్నాను. హబ్బులో అన్ని బెజ్జాలూ నింపి, రిమ్ములో ప్రతి ఐదవ బెజ్జమూ ఖాళీగా వదిలాను. కాగితం మీద ఎనిమిది ఖాళీలూ సమానంగా వచ్చాయి. చక్రం మాత్రం ఎంత బిగించినా నిలవలేదు. తిప్పితే రిమ్ము ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు ఊగుతూ పాములా నడిచేది. కుడి ఊగు తీస్తే పక్కన ఎడమ ఊగు పెరిగేది. ఆ రాత్రి రెండింటి దాకా లాంతరు పెట్టుకుని బిగించాను. బిగించిన కొద్దీ అది ఇంకా ఎక్కువైంది.

బాబాయి తిరిగి వచ్చి ఒక్కసారి తిప్పి చూసి, ఖాళీ బెజ్జాలకు అటూ ఇటూ ఉన్న పుల్లలు ఏ బిళ్ల నుంచి వస్తున్నాయో చూడమన్నారు. రిమ్ములో బెజ్జాలు ఒకటి కుడికి, ఒకటి ఎడమకు ఉంటాయి. ఎడమది ఒకటి వదిలేస్తే దానికి రెండు పక్కలా ఉన్నవి రెండూ కుడి పుల్లలే అవుతాయి, ఆపేవాడు లేక రిమ్ము అక్కడ కుడికి పోతుంది. నేను వదిలిన ఐదవది ఎడమ బెజ్జం, పదవది కుడి బెజ్జం, అలా ఎనిమిదీ మార్చి మార్చి వచ్చాయి. అంటే నాలుగు చోట్ల కుడికి, నాలుగు చోట్ల ఎడమకు చక్రాన్ని నేనే వంచి పెట్టాను. ఇంతసేపూ నేను లెక్కపెట్టింది ఖాళీల మధ్య దూరాన్ని మాత్రమేనని, ఆ ఖాళీలో ఎవరు లేకుండా పోయారో చూడలేదని అప్పుడు అర్థమయింది.

ఆయన దాన్ని విప్పించి మరో విధంగా అల్లించారు. ఎనిమిది బెజ్జాలు వరుసగా నింపి, తొమ్మిది, పది రెండూ వదిలేయాలి. ఎడమ, కుడి జంటగా పోతాయి కనుక పక్క ఊగు ఉండదు. నిజంగానే ఊగు పోయింది. కానీ 40 బెజ్జాల రిమ్ములో ఒక బెజ్జానికీ మరోదానికీ సుమారు 5 సెంటీమీటర్ల దూరం ఉంటుంది, జంటను వదిలిన చోట ఆ దూరం 15 సెంటీమీటర్లయింది. అంత మేర రిమ్మును లోపలికి లాగేవాడు లేక, అది నాలుగు చోట్ల బయటికి ఉబికింది. ఖాళీకి అటూ ఇటూ ఉన్న పుల్లలను మరికొంత బిగించి, ఆ ఉబుకును బియ్యపుగింజ మందానికి తెచ్చారు. అంతకంటే బిగిస్తే ఆ పుల్లలే తెగుతాయని ఆపేశారు. ఖాళీ బెజ్జాల్లోకి పాత ట్యూబు నుంచి కోసిన రబ్బరు బిరడాలు కొట్టి, పైన గుడ్డపట్టీ చుట్టించారు. ఆ చక్రంతో సంక్రాంతి దాకా అమలాపురం కాలేజీకి వెళ్లివచ్చాను. మన రాడ్డు బ్రేకులో రబ్బర్లు రిమ్మును పక్కల నుంచి కాక లోపలి వైపు నుంచి పైకి ఒత్తుతాయి కదా, అందుకని ముందు బ్రేకు పట్టినప్పుడల్లా ఒక్కో చుట్టుకు నాలుగుసార్లు హ్యాండిలు నా అరచేతుల్లో తన్నేది. ఆ నాలుగు తాపులూ నాకు ఇప్పటికీ చేతుల్లో గుర్తున్నాయి.

మా తాతగారు ఎడ్లబండి చక్రాలు చేసిన మనిషి. ఆయన చేసే చక్రానికి పుల్లల స్థానంలో 12 కొయ్య ఆకులు, వాటిని చుట్టుకుని అంచుగా ఆరు వంపు ముక్కలు, వాటినే పూటీలు అంటారు. సెలవుల్లో ఆయన దగ్గరికి వెళ్లినప్పుడు నా చక్రం కథ చెబితే, ఆయన సైకిలును గోడకు ఆనించి, పుల్లను రెండు వేళ్లతో నొక్కి చూశారు. "మా ఆకు కింద నిలబడి మోస్తుంది. మీ పుల్ల ఇంత సన్నంగా ఉండి నిలబడలేదు కదా, మరి ఎలా మోస్తోంది?" అని అడిగారు. నేను బాబాయి దగ్గర విన్నదే చెప్పాను. ఏ పుల్లా నిలబడదు, అన్నీ లాగుతూనే ఉంటాయి, బరువు పడినప్పుడు కింది పుల్లల లాగుడు కొంత తగ్గుతుంది, ఆ తగ్గడమే మోయడం. పుల్లలను ఇలా ఒరగా అల్లే పద్ధతికి ఇంగ్లండులో జేమ్స్ స్టార్లీ 1874లో పేటెంటు తీసుకున్నాడని నేను తరువాత చదువుకున్నాను. తాతగారు కాసేపు ఆలోచించి, "అయితే మీ చక్రంలో గుండ్రం రిమ్ముది కాదన్నమాట, పుల్లలదన్నమాట" అన్నారు. బాబాయి రెండు చక్రాలు కట్టి చూపించిన సంగతిని తాతగారు పుల్లను ఒక్కసారి నొక్కి చూసే గ్రహించారు. హబ్బు బిళ్ల మందపు ఉక్కు, దానిలో నాలుగు బెజ్జాలు ఖాళీగా ఉన్నా దాని ఆకారం మారదు. రిమ్ము పల్చని రేకు, పుల్లలు ఎక్కడ ఎంత లాగితే అదే దాని ఆకారం. అందుకే ఎక్కువ బెజ్జాల హబ్బుకు తక్కువ బెజ్జాల రిమ్మును కట్టవచ్చు. తక్కువ బెజ్జాల హబ్బుకు ఎక్కువ బెజ్జాల రిమ్మును కట్టడం గతిలేనప్పుడు మాత్రమే చేయవలసిన పని, అదీ ముందు చక్రానికే, బరువు వేయనన్న మాట మీదే.

కాయల ఆయన చక్రంలో మూడో పుల్ల సంక్రాంతికి నాలుగు రోజుల ముందు తెగింది. అప్పటికి ఆయన ఒప్పుకుని, రాజమండ్రి నుంచి వచ్చిన 40 బెజ్జాల రిమ్ము వేయించుకున్నాడు. విప్పేటప్పుడు హబ్బులోని మైనాన్ని సూదితో తీసింది నేనే. లోపల బెజ్జాలు నల్లగా, నునుపుగా, తుప్పు మరక లేకుండా ఉన్నాయి. విప్పిన 32 బెజ్జాల రిమ్ము ఐదు నెలలు కాయల బరువు మోసి కూడా బల్ల మీద పెడితే ఎక్కడా లేవలేదు. బాబాయి దాన్ని నాకు ఇచ్చి, డబ్బు అడగలేదు. 32 బెజ్జాల హబ్బుకు 32 బెజ్జాల రిమ్ము, నా చేతులతో మొదటిసారి అన్నీ సరిపోయిన చక్రాన్ని భోగినాడు మధ్యాహ్నం కట్టాను. ఏ పుల్లా పొట్టి పడలేదు, ఏదీ మిగల్లేదు. ఆకురాయి పెట్టెలోంచి తీయనే లేదు. పాత 40 బెజ్జాల రిమ్మును మా వీధి పిల్లలు కర్రపుల్లతో దొర్లించుకుంటూ తీసుకుపోయారు.

నేను హైదరాబాదు వచ్చి ఉద్యోగంలో పడ్డాక చాలా ఏళ్లు చక్రం ముట్టలేదు. మా అబ్బాయి గేర్ల సైకిలు వెనుక చక్రం పాడైనప్పుడు, మళ్లీ అదే చిక్కు వేరే అంకెల్లో ఎదురయింది. దొరికిన మంచి రిమ్ముకు 24 బెజ్జాలు, చేతిలో ఉన్న హబ్బుకు 32. ఎనిమిది తేడా, అప్పటిలాగే. కానీ గేర్ల చక్రంలో కుడి బిళ్ల, చెయిను తిరిగే పళ్ల చక్రాల దొంతరకు చోటిచ్చి లోపలికి జరిగి ఉంటుంది, అందువల్ల కుడి పుల్లలు చాలా బిగువుగా, ఎడమ పుల్లలు వదులుగా ఉండిపోతాయి. కుడి వైపు 16 బెజ్జాలూ నింపి, ఎడమ వైపు ఒకటి విడిచి ఒకటిగా ఎనిమిదే నింపితే 24 సరిపోవడమే కాక, ఎడమ పుల్లలు సగమైనందువల్ల ఒక్కొక్కటి కుడివాటితో దాదాపు సమానంగా బిగుస్తుంది. అందరికీ తెలిసిన పెద్ద కంపెనీలు కూడా రెండుకు ఒకటి చొప్పున అల్లిన చక్రాలను పరుగుపందేల సైకిళ్ల కోసం అమ్ముతున్నాయి. పాత ఫోర్కు లేదు కనుక సైకిలునే తలకిందులు చేసి, బాల్కనీలో కూర్చుని, రెండు ఆదివారాలు పట్టి కట్టాను. రిమ్ములో ఒక్క ఖాళీ లేదు.

చక్రం బిగించే ముందు కొవ్వొత్తి వెలిగించి ఎడమ బిళ్లలోని ఎనిమిది బెజ్జాల్లోనూ మైనం వేస్తుంటే, అది అల్యూమినియం కదా నాన్నా, తుప్పు పట్టదు కదా అని మా అబ్బాయి అడిగాడు. పట్టదని చెప్పి, ఎనిమిదో చుక్క కూడా వేసి, గట్టిపడేదాకా ఆగి, గోటితో అంచు సరిచేశాను.